నా కుడిచెయ్యి వేసిన ఓటు

మొన్న ఆదివారం మా కారంపూడి మహిళా మండలి సెక్రటరీ ఎన్నికలో నన్ను ఓడించిందెవరో తెలుసా? నా కుడిచెయ్యి! నవ్వండి, నవ్వండి. నాకైతే ఇంకా ఏడుపొస్తోంది.

పదిహేనేళ్లుగా కుట్టుమిషన్ మీద వంగీ వంగీ, మెడ దగ్గర్నుంచి చిటికెనవేలి దాకా ఒకటే జివ్వుజివ్వు. పట్టుకున్న కత్తెర జారిపోతోంది. నరసరావుపేట డాక్టరుగారు చూసి, "నరం ఇరుక్కుందమ్మా. లంగా మడతలో బొందు జారినట్టు అది జారాలి" అని ఎక్సర్‌సైజు నేర్పారు. చెయ్యి పక్కకి చాపి, అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు వెనక్కి వంచి, తల అవతలి పక్కకి వాల్చాలి. మెల్లగా దించాలి. పదిసార్లు. రెండు గంటలకోసారి, మానకుండా.

మండలి బీరువాలో నలభై పుస్తకాలున్నాయి. ఐదో తరగతిలో బడి మానిన నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ బీరువా చలవే. సెక్రటరీ అయినవాళ్ల దగ్గరే దాని తాళంచెవి. పోటీకి దిగిన సుశీలమ్మ వదిన ముందే చెప్పేసింది, "ఆ పాత కాయితాలు గోతంలో పడేసి బీరువాలో మండలి గిన్నెలు పెట్టిస్తా" అని. అందుకే నిలబడ్డా.

చీటీలు వేద్దామన్నారు. నేనొప్పుకుంటానా? "చీటీల్లో దొంగతనాలు జరుగుతయ్. ఎత్తిన చెయ్యి అబద్ధం చెప్పదు! ఒకసారి ఎత్తినవాళ్లు రెండోసారి ఎత్తకూడదు!" అని ఎడంచేత్తో బల్ల గుద్ది మరీ ఒప్పించా.

మొత్తం పదమూడు మందిమి. లెక్కపెట్టేది మేరీ టీచరమ్మ. "ముందు సుశీలమ్మకి ఎవరెవరు?" అంది. అది నా గొడవ కాదు గదా అని గడియారం వంక చూస్తే సరిగ్గా నాలుగు. చెయ్యి లాగేస్తోంది. ఈ సందులో ఒక విడత అయిపోద్దిలే అనుకున్నా. చెయ్యి చాపా. తల గోడవైపు వాల్చా. కళ్లు మూసుకుని ఒకటీ, రెండూ...

"చెయ్యి సగమే లేచిందేంది?" అని ఎవరో గొణిగారు.

"నొప్పి చెయ్యి గదా పాపం, అంతవరకే లేస్తది," అని ఇంకెవరో.

"ఏడు!" అంది టీచరమ్మ.

కళ్లు తెరిస్తే అందరి చూపూ నా మీదే.

"టీచరమ్మా, అది ఓటు కాదు! ఎక్సర్‌సైజు!"

"ఎత్తిన చెయ్యి అబద్ధం చెప్పదంటివిగా అక్కా?" అంది జమీలా. నా మనిషనుకున్న జమీలా! రెండోసారి ఎత్తబోతే నా రూలు నాకే అప్పజెప్పారు. నాకు ఆరు, వదినకి ఏడు.

సుశీలమ్మ పరిగెత్తుకొచ్చి, "ఎంత పెద్ద మనసు వదినా నీది!" అని ఆ చెయ్యే పట్టుకుని ఊపింది. ప్రాణం వేలికొసల్లోకొచ్చింది. కళ్లమ్మట బొటబొటా నీళ్లు. ఆనందబాష్పాలనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు బీరువాలో గుండిగలు. పుస్తకాలు గోతంలో, గోతం వసారాలో. నిన్నటి వానకి అడుగున ఉన్నవి తడిసి ఉబ్బిపోయాయి. నాలుగు తెచ్చి మిషన్ మీద ఆరబెట్టా. అక్షరాలు అలుక్కుపోయాయి.

చెయ్యి మాత్రం కాస్త నయం. ఎక్సర్‌సైజు మానలేదు, కాకపోతే గడియపెట్టుకుని చేస్తున్నా. ఎవరన్నా తలుపు తడితే ముందు చెయ్యి దించి, ఆ తర్వాతే అడుగుతున్నా: "ఓట్లేమన్నా లెక్కపెడుతున్నారా?"