పదకొండు తెల్ల మెట్లు

మా ఆయన నలభై ఏళ్లు షాపుల బోర్డులు రాశారు. నిచ్చెన మీద ఒక కాలు ఆనించి, రెండో కాలు గాల్లో ఉంచి, ఒక చేత్తో రంగు డబ్బా పట్టుకుని అక్షరాలు దిద్దేవారు. ఏనాడూ కింద పడలేదు. వీధి అవతలి కొస నుంచి చదవగలిగితేనే అది బోర్డు, లేకపోతే గోడకు సున్నం అనేవారు. అలాంటి మనిషి డెబ్భై నాలుగో ఏట సొంత ఇంటి మెట్ల మీద పడ్డారు.

ఆ ఇంటి గొప్ప కూడా చెప్పాలి. మా సుపుత్రుడు కట్టించాడు. మేముండేది పై అంతస్తు. కిందికి పదకొండు మెట్లు. తెల్ల రాయి, పక్కన తెల్ల గోడ, దానికి తెల్ల రెయిలింగు. వచ్చినవాళ్లు ముఖం చూసుకోవచ్చు, అంత నునుపు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. మా ఆయనకు చూపు మధ్యలో మచ్చ పడింది. పక్కల నుంచి మాత్రం లీలగా కనిపిస్తుంది. ఆ చూపుకు అవి మెట్లలా కనిపించవు, తెల్ల దుప్పటి ఆరేసినట్టుంటాయి. మెట్టు ఎక్కడ అయిపోతుందో తెలియక రెండుసార్లు జారారు. రెండోసారి మోచెయ్యి విరిగింది.

దానికి మా వాడు కనిపెట్టిన మందు కుర్చీ. కాళ్లు చాపుకునే మెత్తటి కుర్చీ కొనుక్కొచ్చి బాల్కనీలో వేశాడు.

"నాన్నా, నువ్వు హాయిగా కూర్చో. ఏం కావాలన్నా మేం తెచ్చిస్తాం" అన్నాడు.

ఎంత మంచి కొడుకో అని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఆయనకు కావలసింది సందు చివర టీ కొట్టు, అక్కడి బల్ల, తన ఈడువాళ్లతో గంటసేపు వాదన. దాన్ని ఎవరు తెచ్చిస్తారు? ఆరు నెలలు తిరిగేసరికి, నిచ్చెన మీద నిలిచిన ఆ కాళ్లు బాత్రూం దాకా వెళ్లడానికే వణకసాగాయి.

అప్పుడు కంటి ఆసుపత్రి వాళ్లు ఒక అమ్మాయిని పంపారు. చూపు తగ్గినవాళ్లకు నడక నేర్పడం ఆమె ఉద్యోగం. వచ్చీ రాగానే నా పని పట్టింది.

"అమ్మా, ఆయన్ని చెయ్యి పట్టుకుని లాగకండి. ఆయన్నే మీ మోచెయ్యి పట్టుకోనివ్వండి. మీరు ఒక అడుగు ముందు నడిస్తే చాలు."

ఇంతకాలం ఆయన్ని మూటలా ఈడ్చానని తెలిసి నాకు సిగ్గేసింది. వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం రోజూ చేయించమంది. రెండు నెలల్లో ఆయన కాళ్లలో వణుకు తగ్గింది. ఇక మిగిలింది మెట్లు.

"సార్, ప్రతి మెట్టు అంచుకీ పసుపు రంగు టేపు అంటించండి. గరుకుగా ఉంటుందే, అది. తాతగారు కర్ర పట్టుకుని తనంతట తనే దిగుతారు" అని మా వాడితో చెప్పింది.

వాడి ముఖం మాడిపోయింది. "ఏరి కోరి ఈ రాయి వేయించుకున్నది లారీ వెనకాల చారల్లా గీసుకోవడానికా మేడం? నలుగురూ వచ్చే ఇల్లు."

"నలుగురి సంగతి సరే, ఇంట్లో ఉన్న మనిషి సంగతేంట్రా?" అన్నాను. గోడకు చెప్పినట్టే అయింది.

మా ఆయన నవ్వారు. "తెలుపు మీద తెలుపు వేసేవాడి చేతికి నేనైతే బ్రష్ ఇవ్వను" అన్నారు. ఆ తర్వాత మెట్ల మాటే ఎత్తలేదు. గట్టు దగ్గర నిలబడటం కూడా మానేశారు. "దిగనివ్వని మెట్లకు ఈ కసరత్తు ఎందుకే?" అని మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇక లేవరేమోనని నాకు భయం పట్టుకుంది.

పోయిన వారం మా వియ్యపురాలు వచ్చింది. సూదిలో దారం చిటికెలో ఎక్కించే కళ్లు ఆవిడవి. వెళ్తూ వెళ్తూ కూతురితో మాట్లాడుతూ మూడో మెట్టు మీద జర్రున జారింది. చీలమండ బెణికింది. ఇల్లంతా గగ్గోలు. మా వాడు అత్తగారిని చేతుల మీద ఎత్తుకున్నాడు. రాయి అమ్మినవాణ్ణి తిట్టాడు, పరిచిన మేస్త్రీని తిట్టాడు.

"దరిద్రపు మెట్లు! వీటి మీద ఎవరైనా పడతారు" అన్నాడు.

మా ఆయన పడితే తప్పు ఆయన కళ్లది. ఆవిడ పడేసరికి తప్పు మెట్లదయింది. చీకటి పడేలోపు పదకొండు మెట్లకూ పసుపు టేపు పడింది. అబద్ధమెందుకు, ఆవిడ జారినప్పుడు పైకి అయ్యయ్యో అన్నాను గాని, టేపు చూశాక లోపల సంతోషించాను. ఆ పాపం మూటగట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన కర్ర తీసుకున్నారు. పైమెట్టు మీద నిలబడి, తల కాస్త పక్కకు తిప్పి అంచు చూసుకున్నారు. మోచెయ్యి ఇవ్వబోతే వద్దన్నారు. కర్రతో తడిమి మొదటి మెట్టు దిగారు. ఆగి, ఊపిరి తీసుకుని, రెండోది దిగారు. అలా పదకొండూ దిగారు. కింద కారు తుడుస్తున్న మా వాడు గుడ్డ పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"నాన్నా! ఒక్క మాట చెప్తే నేను పట్టుకునేవాణ్ణి కదా!"

"ముందు మీ అత్తగారికి కాలెలా ఉందో ఫోన్ చేసి కనుక్కోరా" అన్నారాయన, గేటు గడియ తీస్తూ. "ఆవిడ పుణ్యమా అని వీధిలోకి వెళ్తున్నాను."

వాడు నా వైపు చూశాడు. తండ్రీకొడుకుల మధ్య ఎప్పుడూ సర్దిచెప్పేది నేనే. ఈసారి కిందికి దిగి, వాడు పారేసిన గుడ్డ తీసి వాడి చేతికే ఇచ్చాను.