సగం నిండిన టంకీ

మా తమ్ముడు చినబాబు పెరట్లో చివరిసారి చేసిన పని గుడ్డలు ఆరేయడం. కార్లు తుడిచే మెత్తటి గుడ్డల్లో పాత జత, ఉతికినవి. పైభాగం తుడిచేవి తీగ మీద, చక్రాలు తుడిచేవి దూరంగా జామకొమ్మ మీద. రెండూ కలిస్తే చక్రాల దగ్గరి ఇసుక పైకెక్కి రంగు మీద గీతలు పడతాయని వాడి భయం. తీగ మీద నా చీర ఉంటే దాన్ని ఓ చివరికి నెట్టేశాడు.

"అప్పా, వానొస్తే ఇవి లోపలెట్టీ. సక్రాలవి వీటితో కలపకు."

"పెళ్ళాం వచ్చాక సెప్పుకో ఇవన్నీ."

"ఆవిడొస్తే ఆవిడ సీరలకే సాలదు నీ తీగ."

నిలబడే ఇడ్లీ తిని, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని బండెక్కాడు. పొద్దున్నించీ మబ్బు. వాన మాత్రం రాలేదు. గుడ్డలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి.

మా నాన్న రామ్మూర్తి రైల్వేలో గ్యాంగ్‌మన్. పార్వతీపురం వైపు నుంచి కిరందూల్ లైను మీదికి వచ్చి, ఈ ఇనుప గనుల ఊరు బచేలిలో ఉండిపోయాడు. నేనూ తమ్ముడూ ఇక్కడే పుట్టాం. నాన్నా అమ్మా పోయాక వాడు నా దగ్గరే ఉన్నాడు. స్కూలు బస్సు నడిపేవాడు. పొద్దున ఓ ట్రిప్పు, మధ్యాహ్నం ఓ ట్రిప్పు. మధ్యలో బస్సుని తుడుస్తూ కూర్చునేవాడు. బస్సు తుడిచీ తుడిచీ కార్ల ఆలోచన వచ్చిందనుకుంటాను.

ఇక్కడ కారు కొన్న వారానికే దాని రంగు ఏదో తెలియదు. ఇనుప రాయి ధూళి ఎర్రగా, పిండిలా కూర్చుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే గీతలు. ముందు నీళ్ళతో కిందికి జార్చాలి, ఆ తరవాతే చెయ్యి పెట్టాలి. అందుకు నీళ్ళు చాలా కావాలి. కాలనీ కుళాయి నీళ్ళతో బళ్ళు కడగకూడదని బోర్డు. అందుకని వాడు ఛోటా హాథీ అనే చిన్న ట్రాలీ బండి ఒకటి పాతది కొని, దాని మీద నల్ల ప్లాస్టిక్ నీళ్ళ టంకీ కట్టాడు. పక్కన పెట్రోలుతో నడిచే చిన్న పంపు. కరెంటు కూడా ఎవరినీ అడగక్కర్లేదు. సెలవురోజుల్లో అడిగినవాళ్ళ ఇంటికే వెళ్ళి కారు కడిగి వస్తాడు. అదీ వ్యాపారం.

మొదటి నీళ్ళు వాగులోంచి పట్టాడు. కొండ దిగే వాగు కంటికి తేటగానే కనిపించింది. ఆసుపత్రి డాక్టరుగారి తెల్ల కారు కడిగాడు. ఎండలో ఆరాక, నీళ్ళలోని ఇనుముకి, కారు నిండా పసుపుపచ్చ మచ్చలు తేలాయి.

"ఏమయ్యా, కారు కడగమంటే నలుగు పెట్టావా? రాత్రికి పెళ్ళేమైనా ఉందా దీనికి?" అన్నారట ఆయన. వాడే వచ్చి చెప్పి నవ్వాడు. తరవాత నిమ్మరసం రాసి ఒక్కో మచ్చా తీశాడు.

అప్పట్నించీ మంచి నీళ్ళ కోసం తిరిగాడు. కిరందూల్ దారిలో, రోడ్డుని ఆనుకుని భీమే అనే ఆవిడ ఇల్లుంది. మా అమ్మ ఈడు మనిషి. వాళ్ళ పెరట్లో ఎండతో నడిచే పంపు ఉంది. లోతు బోరు, నీళ్ళు మచ్చ పడవు. భీమే డబ్బు వద్దంది. సంత రోజున తన చింతపండు బుట్టలూ, తననూ బండి మీద బచేలి దింపాలి. అంతే ఒప్పందం.

ఒకసారి వాడితో వెళ్ళాను. భీమే నన్ను చూసి హిందీలో అంది: "నువ్వేనా అక్కవి? ఇంట్లో పెళ్ళాం లేదు గానీ, ఊళ్ళో కార్లన్నిటికీ నీ తమ్ముడే స్నానం పోస్తాడు. ఏదైనా కారుకిచ్చి పెళ్ళి చెయ్యరాదూ?"

"తెల్లది సూసి సెయ్యండి," అన్నాడు వాడు తెలుగులో. ఆవిడకి అర్థం కాకపోయినా నవ్వింది.

ఆ పంపుకి ఎండ ఉండాలి. పొద్దున్నే నీళ్ళు రావు, మబ్బులో రావు. అందుకని ఎండ కాసిన మధ్యాహ్నం బస్సు ట్రిప్పు అవగానే వెళ్ళి నింపుకొచ్చి, మా ఇంటి ముందు టార్పాలిన్ పట్టా కప్పి ఉంచేవాడు. టంకీ నిండా ఉండాలి, లేకపోతే ఖాళీగా ఉండాలి. సగం నీళ్ళతో బండి కదిలించేవాడు కాదు. మలుపులో నీళ్ళన్నీ ఒక పక్కకి వచ్చి పడతాయని మొదట్లోనే ఓసారి భయపడ్డాడు. పని అయ్యాక మిగిలినవి అక్కడే ఎవరి మొక్కలకో పోసేసి వచ్చేవాడు. బచేలి కాలనీలో వాడు కార్లు కడిగిన ఇళ్ళ ముందు క్రోటన్లు ఏపుగా ఉండేవి.

వాడికి కావలసింది కిరందూల్ కాలనీ గేటు పాసు. ఎక్కువ కార్లు దాని లోపల, వాడు బయట. గేటు దగ్గర సెక్యూరిటీ "పాస్ దిఖావో భయ్యా" అని పాసు అడిగి ప్రతిసారీ వెనక్కి తిప్పేవాడు. గనిలో ఇంజనీరు ఉమామహేష్ గారు మా వైపు వారే. యంత్రాలకీ బళ్ళకీ చేసే విశ్వకర్మ పూజ రోజు, క్లబ్బు ముందు ఆఫీసర్ల బళ్ళన్నీ వాడిచేత కడిగించి పూజకి వరసగా నిలబెడతామన్నారు. నీళ్ళు మాత్రం బయటినుంచే తెచ్చుకోవాలి. అది బాగా జరిగితే ప్రతి ఆదివారం లోపలికి రావడానికి పాసు ఇప్పిస్తానన్నారు. ఇంటి ముందు ఆ టంకీ నిండుగా ఉండి పూజ నాటికి నాలుగైదు రోజులయింది. మధ్యలో మబ్బు పట్టి, మళ్ళీ ఎండ రాలేదు. వాడు రోజూ పట్టా ఎత్తి చూసి మూసేవాడు.

పూజ రోజు స్కూలు సెలవు. గుడ్డలు ఆరేసి వెళ్ళింది ఆ పొద్దున్నే.

భీమే వాళ్ళ ఊరు దాటాక ఒక దిగుడు మలుపు ఉంది. అక్కడ బండి పక్కకి ఒరిగి కల్వర్టు గోడ మీద పడింది. మనుషులు వెళ్ళేసరికే ప్రాణం లేదు.

తరవాత జరిగినవి వరసగా గుర్తు లేవు. మేం వెళ్ళే చర్చి వాళ్ళు వచ్చారు. ఎవరో టీ పెట్టారు. బండి చూసిన మెకానిక్ మా గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది మాత్రం గుర్తుంది. "దీదీ, వేగంగా ఏం పోలేదు. టంకీలో సగమే నీళ్ళున్నాయి. అవే లాగేశాయి."

సగం ఎందుకున్నాయని అడిగాను. ఆయనకి తెలియదు. టంకీ పగల్లేదు, మూత ఊడలేదు. ఇంటి నుంచి నిండుగానే వెళ్ళింది. పట్టా తీసేటప్పుడు అంచు దాకా ఉన్న నీళ్ళు నేనే చూశాను.

ఉమామహేష్ గారు వచ్చి కాసేపు కూర్చున్నారు. ఆ పొద్దున చినబాబు ఫోన్ చేశాడట.

"సగం బళ్ళే అవుతాయి సార్, మిగతావి ఎండొచ్చాక కడుగుతాను అన్నాడమ్మా. మొదటి రోజే ఇలాగైతే పాసు కష్టం చినబాబూ అన్నాను. తెలుసు సార్ అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు."

ఆయన వెళ్ళాక గ్లాసు కడిగి బోర్లించాను. మర్నాడు గుడ్డలు మడిచి పెట్టాను, రెండు రకాలూ విడివిడిగా.

కొన్ని సంతలు గడిచాక భీమే వచ్చింది. బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సులో వచ్చిందట. వాకిట్లో బుట్ట దించి కూర్చుంది.  తరవాత ఆకు దొన్నెలో కట్టిన చిన్న మూట ఒకటి నా ముందు పెట్టింది. విప్పితే అన్నం. ఎండబెట్టింది, గింజలు గట్టిపడి ఉన్నాయి.

"నవాఖానీది. నీ తమ్ముడి వంతు తీసి పెట్టాను," అంది.

నవాఖానీ అంటే కొత్త బియ్యం వండుకునే పండుగ. ఏ ఊరికి ఆ ఊరు రోజు పెట్టుకుంటుంది. వాళ్ళ ఊళ్ళో ఆ ఏడు విశ్వకర్మ పూజ రోజునే పెట్టుకున్నారట. ఇంటి నిండా చుట్టాలు. మబ్బుకి పంపు ఆగిపోయి నీళ్ళు లేవు. వాగు ఎర్రగా పారుతోంది. భీమే ఖాళీ కుండతో రోడ్డు మీద నిలబడి ఉంటే వాడు బండి ఆపాడట.

"కొత్త బియ్యం ఎర్ర నీళ్ళతో వండుతావా అని తిట్టాడు. బండి వెనక్కి తిప్పి వాకిట్లోకి తెచ్చాడు. గొట్టం పెట్టి కుండలన్నీ నింపాడు. కార్లు ఏమవుతాయంటే, కార్లు రేపు కూడా మురికిగానే ఉంటాయిలే అన్నాడు."

సగం టంకీ వల్లే బండి ఒరిగిందని ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు. ఆ అన్నం వాడు పోసిన నీళ్ళతోనే వండిందట.