ఒకటో తరగతి గోడకు వేయించిన సున్నం

నేను చేసిన ఒక తప్పు మా పాఠశాల రికార్డులలో ఎక్కడా లేదు. అందుచేత దానిని నేనే వ్రాయవలసి వచ్చింది.

డెబ్బయ్యవ దశకం చివర, ముక్తేశ్వరం సమీపంలోని ఒక ప్రాథమిక పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుడను. ఒకటో తరగతి పంతులమ్మగారు దసరా సెలవులలో తరగతి గోడ నిండా అక్షరాలు వ్రాసి, ఒక్కొక్క దాని కింద ఒక బొమ్మ వేశారు. ‘ఆ’ కింద ఆవు లేదు. చేతులు కట్టుకుని తల ఊపుతున్న పిల్ల, పక్కన ‘ఆయ్’ అన్న మాట ఉన్నాయి.

“ఇదేమిటమ్మా? వాచకంలో ఆవు కదా!” అన్నాను.

“ఇది పెద్దోళ్లకి ‘అలాగేనండి’ అనడానికి పిల్లలు రోజూ చెప్పే మాటేనండి. జూన్ నుంచి ఒక్కక్షరం పలకని పిల్ల నిన్న గోడ మీద వేలెట్టి చదివేసిందండి.”

“ఇన్‌స్పెక్టరుగారు చూస్తే, పంతుళ్లకే తెలుగు రాదంటారు.”

“ఆయ్,” అన్నారామె, తల వంచుకుని.

ఆ సాయంత్రమే సున్నం వేయించాను. ఇన్‌స్పెక్టరుగారు ఆ ఏడాది రానేలేదు. మరునాడు ఆ పిల్ల తెల్లగోడ మీద వేలితో చాలాసేపు వెతికింది. తరువాత సంవత్సరాంతం వరకు నోరు విప్పలేదు. పంతులమ్మగారు మళ్లీ కుంచె పట్టలేదు. బదిలీపై వెళ్లి, నేను క్షమాపణ చెప్పుకొనేలోగానే కాలం చేశారు.

‘ఇ’ కింద ఇత్తడి బిందె, ‘ఈ’ కింద ఈతచాప ఉండేవని నా జ్ఞాపకం. మిగిలినవి గుర్తుకు రావడం లేదు. ఆ గదిలో చదివినవారు నా పొరపాట్లను దిద్దవలసిందిగా కోరుతున్నాను.