నల్లుల మందు పెట్టిన గది

మంగాదేవికి నల్లులంటే భయం కాదు, రోత. మామిడికుదురు నుంచి దుబాయ్ వచ్చిన కొత్తలో అరబ్బుల ఇంట్లో ముసలాయన పక్కబట్టలు ఉతికింది, పిల్లల వాంతులు ఎత్తిపోసింది గానీ ఏనాడూ ముఖం చిట్లించలేదు. తరువాత క్లీనింగ్ కంపెనీలో చేరి, అల్ వర్సాన్ పక్కన ఇంటర్నేషనల్ సిటీలో ఒక ఫ్లాటులో బెడ్‌స్పేస్, అంటే ఒక మంచం మేర చోటు, అద్దెకు తీసుకుంది. అక్కడ ఒళ్ళంతా దద్దుర్లతో లేచి, దిండు అంచున నలిగిన నెత్తుటి మరకలు చూస్తే అన్నం సయించేది కాదు.

ఆ ఫ్లాటు మామిడికుదురు దగ్గరి రాజోలు మనిషి రత్నాకర్ పేరు మీద ఉండేది. హాలును చెక్కలతో అరలుగా కోసి ఆడవాళ్ళకు అద్దెకిచ్చాడు. అది ఇక్కడి చట్టానికి విరుద్ధమని అతనికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. నల్లుల గురించి ఎప్పుడు మొత్తుకున్నా, మందు కొట్టే కంపెనీని పిలిస్తే చెక్కల సంగతి బయటపడుతుందని దాటేసేవాడు. పైగా మనూరోళ్ళం కదక్కా, సర్దుకోండి అనేవాడు.

రెండువేల ఇరవై మూడు ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మంగాదేవి పని నుంచి వచ్చి తలుపు తీసింది. వెల్లుల్లీ కుళ్ళిన చేపలూ కలిసినట్టు గుప్పున వాసన కొట్టింది. ఎవరో ఎండుచేపలు వండి గిన్నె అలాగే వదిలేశారని తిట్టుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. పక్క అరలో ఉండే శాంతిప్రియ బాత్రూం గడప మీద కూలబడి వాంతి చేసుకుంటోంది. కాకినాడ పిల్ల, సెలూన్‌లో పనిచేస్తుంది. పొద్దుట్నుంచీ తల పగిలిపోతోందని, ఊపిరి ఆడటం లేదని చెప్పింది. ఆమెను పట్టుకోబోతుంటే మంగాదేవికి లోపలి గది కనిపించింది. మనిషి లేని ఆ గది తలుపు చుట్టూ టేపు అంటించి ఉంది. కింద ఒక మూల ఊడిపోయింది.

రత్నాకర్‌కు ఫోన్ చేసింది.

"నల్లుల బిళ్ళలు పెట్టానక్కా. బయట ఒకడి దగ్గర తెచ్చాను, కొంచెం ఘాటెక్కువ. ఏసీ వేసుకుని ఓర్చుకోండి."

పడుకున్న మనుషులకు మాటైనా చెప్పకుండా పెట్టి పోయాడన్నమాట. మంగాదేవి కిటికీలు బార్లా తీసి, శాంతిప్రియను చంకల కింద చేతులు వేసి వరండాలోకి లాగింది. ఆ అంతస్తులో తలుపులన్నీ బాదింది. పక్క ఫ్లాటు ఇమామ్ హుస్సేన్ చిన్నకూతుర్ని భుజాన వేసుకుని తలుపు తీశాడు. ఆ బిడ్డా పొద్దుట్నుంచి వాంతులే, మాంసం పడలేదని అనుకున్నారట. "గ్యాస్ హై భాయ్, సబ్ నీచే చలో" అని మంగాదేవి అందరినీ కిందికి తోలింది.

వాళ్ళు కింద నీడన చేరేసరికి రత్నాకర్ వచ్చాడు. శాంతిప్రియ పెదవులు నీలంగా మారుతున్నాయి. అతను ఆమెవైపు చూడలేదు. ఎవరికైనా ఫోన్ చేశారా అని అడిగాడు. చేయలేదని తెలిశాక ఊపిరి పీల్చుకుని, టాక్సీలో తీసుకెళ్ళి తిండి పడలేదని చెప్పమన్నాడు.

"నేను పైకెళ్ళి ఆ చెక్కలు పీకేస్తాను. అప్పటిదాకా అంబులెన్స్ వద్దక్కా."

ఇస్త్రీ చొక్కా, దాని మీద అత్తరు వాసన. ఆ మనిషి పక్కన నిలబడితేనే మంగాదేవికి వెగటు పుట్టింది. అతని ఎదురుగానే ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. అటువైపు మనిషి హిందీలో, ఎవరూ మళ్ళీ పైకి వెళ్ళొద్దని, ఆ గది తలుపు తెరవొద్దని, అందరూ బయట గాలిలోనే ఉండాలని చెప్పాడు.

అంబులెన్స్ వెంటే ఫైర్ వాళ్ళు వచ్చారు. వీపున సిలిండర్లు, ముఖాలకు మాస్కులతో పైకెళ్ళి, మిగతా అంతస్తులవాళ్ళనూ దించి, ఆ అంతస్తు మూసేశారు. పేరు లేని బిళ్ళల డబ్బా ఒకటి సీలు వేసి కిందికి తెచ్చారు. ఇమామ్ హుస్సేన్ కూతురు బతికింది. శాంతిప్రియకు ఆ విషం గుండెకెక్కిందన్నారు డాక్టర్లు. మర్నాటి సాయంత్రానికి పోయింది.

ఆసుపత్రి వరండాలో మంగాదేవి ఏడుస్తుంటే రత్నాకర్ ఆపిల్ పళ్ళ సంచితో వచ్చి పక్కన కూర్చున్నాడు. పోలీసులు అతన్ని రమ్మన్నారట.

"చచ్చిపోయిన పిల్లకి జైలేముందక్కా? బిళ్ళలు తనే తెచ్చుకుందని చెప్పు, చాలు. మనూరోళ్ళం."

మంగాదేవి లేచి దూరంగా జరిగింది. "ఆ పిల్ల ఊసు నీ నోట రానీకు. అవతలికి పో," అంది.

పోలీసులు అడిగినప్పుడు ఫోన్లో అతను అన్న మాట, కింద అన్న మాట, పళ్ళ సంచి తెచ్చి అన్న మాట, ఏదీ దాచకుండా చెప్పింది. అతనికి జైలు పడింది. ఫ్లాటు సీలు వేశారు. చోటు పోయిన ఆడవాళ్ళలో కొందరు ఆమెతో మాటలు మానేశారు. మంగాదేవి దుబాయ్‌లోనే కూలీల క్యాంపులుండే సోనాపూర్‌లో కంపెనీ ఇచ్చిన రూముకు మారింది.

ఒకరోజు రత్నాకర్ పెద్దమ్మ కొడుకు రాజోలు నుంచి ఫోన్ చేశాడు. పాపం పిల్లలుగలవాడు, పరాయి దేశంలో సొంతూరోడిని ఇలా పట్టిస్తారా అని మెత్తగా అడిగాడు.

"కాకినాడ పిల్ల ఎవరి ఊరిదంటారండీ?" అంది మంగాదేవి.

అతను మళ్ళీ ఊరి పేరే ఎత్తాడు. ఆమె ఫోన్ కట్ చేసి, సింకు దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించి ఉమ్మింది.