జారిన పొర

పొద్దున్నే వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ, నుమాటా పారతో ఒక దిమ్మ కోసి అరచేత్తో మూడుసార్లు తట్టి చూస్తాడు. పైపొర జారిందంటే కొండవాలున మంచు విరిగిపడే ప్రమాదముందని అర్థం; ఆ రోజు సప్పొరో బస్టాండు కౌంటర్లో స్కీయింగుకి ఎక్కడికెళ్లాలని ఎవరడిగినా, ఊరి పక్కనున్న పిల్లల గుట్టకే టిక్కెట్టిస్తాడు. ముప్పై ఏళ్లు విరిగిపడిన మంచు కింద మనుషుల్ని వెతికిన చేతులవి.

ఇవాళ మొదటి తట్టుకే జారింది. కౌంటరుకొచ్చాడు.

"మీ అమ్మాయి తెల్లారే పెద్దకొండ బస్సెక్కింది. మా పిరికి నాన్నకి చెప్పొద్దంది," అని నవ్వింది సాయే అనే తోటి ఉద్యోగిని.

వెంటనే కూతురికి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావు తల్లీ?"

"మళ్లీ మొదలెట్టావా నాన్నా? కొండ నెత్తిమీదున్నాం. మంచు దూదిలా ఉంది. మాకంటే ముందు ఒక్క అడుగు కూడా పడలేదు."