మహేందర్ అన్న కొట్టడానికి మెట్లు దిగలేదు

నిన్న పొద్దున నా చున్నీకి అంటిన రక్తం ఉతుకుతున్నాను. మధురానగర్ హాస్టల్లో, బకెట్ ముందు కూర్చుని. ఎంత రుద్దినా పోవడం లేదు.

అప్పుడే కిరణ్ ఫోన్ చేశాడు.

"మహేందర్ అన్న ఇక లేడు స్వాతీ."

నేను నమ్మలేదు. కుట్లు వేశారు, ప్రమాదం లేదన్నారు, నువ్వే కదా చెప్పావ్ అని వాడి మీద అరిచాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఫోన్ గోడకేసి కొట్టాను.

అన్న తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. అమీర్‌పేటలో మేం పనిచేసే కోచింగ్ సెంటర్ ఆన్‌లైన్ పరీక్షలకి అన్న టెస్టర్. ప్రతి ఫార్ములా ప్రతి బ్రౌజర్‌లోనూ సరిగ్గా కనిపిస్తోందా లేదా అని చూడటం ఆయన పని. బోరబండ మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది.

ఒకసారి ఒక బ్రౌజర్‌లో వర్గమూలం గుర్తు మాయమైంది. అన్న ఆ సంగతి చెబితే, కోడ్ రాసే కిరణ్ "నా సిస్టమ్‌లో బాగానే వస్తోంది కదన్నా" అన్నాడు.

అంతే! అన్న లేచి, కిరణ్‌ని కుర్చీతో సహా తోసుకుంటూ వరండా అంతా దాటించి, ల్యాబ్‌లో పాత కంప్యూటర్ ముందు పడేశాడు. కుర్చీ చక్రం ఒకటి ఊడి ఎటో దొర్లిపోయింది.

"నీ సిస్టమ్ల వస్తె ఎవనికి గావాలెరా? పోరలు నీ ఒళ్లె కూసొని రాస్తరా పరీక్ష? గిండ్ల చూడు. గిండ్ల రావాలె!"

కిరణ్ మెడ పట్టుకుని ముక్కు తెరకి ఆనించినంత పని చేశాడు. తర్వాత తనే కిందికి తీసుకెళ్లి చాయ్ తాగించాడు.

అలాంటి మనిషి కాబట్టే ఇప్పుడు ఆయన మీద చెప్పే అబద్ధం అందరూ నమ్ముతున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఏం జరిగిందో వినండి.

ఉచిత సీట్ల కోసం మేం ఒక పరీక్ష పెట్టాం. పై ల్యాబ్‌లో కొత్త కంప్యూటర్లు. కింది ల్యాబ్‌లో అద్దెకి తెచ్చిన పాతవి, వాటిలో పాత బ్రౌజర్. అన్నకి చూపించనే లేదు, పరీక్ష రోజు పొద్దున తెచ్చి పెట్టేశారు.

రిజల్ట్ వచ్చింది. కింది ల్యాబ్‌లో రాసిన పిల్లల్లో ఒక్కరికీ సీటు రాలేదు. ప్రశ్నలే తేడాగా ఉన్నాయని మొత్తుకున్నారు పాపం. ఓనర్ సార్ చెవిన పెట్టలేదు. "చదవనోళ్లకి అన్నీ తేడాగానే కనిపిస్తాయి" అని గేటు వేయించాడు.

మొన్న మధ్యాహ్నం ఆ పిల్లలే గుంపుగా వచ్చారు. ముందు నినాదాలు, తర్వాత రాళ్లు. బోర్డు పీకేశారు. రిసెప్షన్ అద్దాలు పగలగొట్టారు. కింది ల్యాబ్‌లో మానిటర్లు ఎత్తి రోడ్డు మీదికి విసిరారు. వాచ్‌మన్‌ని కింద పడేసి తొక్కారు. మేం పై ల్యాబ్‌లో తలుపుకి టేబుళ్లు అడ్డం పెట్టుకుని వణికిపోతున్నాం.

అంత గొడవలోనూ అన్న పని చేస్తూనే ఉన్నాడు. అద్దె కంప్యూటర్ ఒకటి పొద్దున్నే పైకి తెచ్చుకుని, కొత్తదాని పక్కన పెట్టి చూస్తున్నాడు. ఉన్నట్టుండి నన్ను పిలిచాడు.

రెండు తెరలు. ఒకే ప్రశ్న.

కొత్త బ్రౌజర్‌లో పైన మూడు, మధ్యలో గీత, కింద నాలుగు. పాత దాంట్లో గీత లేదు. మూడూ నాలుగూ పక్కపక్కనే. ముప్పై నాలుగు! ఎక్స్ స్క్వేర్‌లో పైన ఉండాల్సిన రెండు కూడా కిందికి దిగిపోయింది.

ఎర్రర్ మెసేజ్ లేదు, అంకెల చోట ఖాళీ డబ్బాలు లేవు. చూస్తే అదీ మామూలు ప్రశ్నలాగే ఉంది. పిల్లలు బుద్ధిగా వేరే లెక్క చేసి వచ్చారు.

"పోరలు చెప్పింది నిజమే స్వాతీ. తప్పు మనది. నేను పోయి చెప్త."

"ఇప్పుడొద్దన్నా, చంపేస్తారు!"

"నన్నేం జేస్తరు? ఆల్ల దిక్కే మాట్లాడనీకి పోతున్న గదా."

టేబుల్‌ని ఒక్క తోపు తోసి మెట్లు దిగిపోయాడు. నేను వెనకే పరిగెత్తాను.

"ఆగుండ్రి! మీరే కరెక్టురా, మీరే కరెక్టు!"

చేతులు పైకెత్తి అరుస్తున్నాడు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? మెడలో మా ఐడీ కార్డు. మీదికొస్తున్న స్టాఫే కనిపించాడు వాళ్లకి. ఎవడో ఇనుప స్టూల్ ఎత్తి తల మీద వేశాడు. పడ్డాక కూడా తన్నారు. నేను మీద పడి అడ్డుకుంటే నా వీపు మీదా తన్నారు.

చున్నీ తీసి తలకి కట్టాను. ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రి దాకా నా ఒడిలోనే. దారంతా ఒకటే మాట. "ఆల్లకు చెప్పిండ్రా?"

నిన్న అంత్యక్రియలయ్యాక అన్న భార్య లావణ్యక్క నా చెయ్యి పట్టుకుంది. "మీ సారు ఫోన్ జేసిండు చెల్లె. మీ అన్న పిల్లలను కొట్టనీకి ఉరికిండట. నిజమేనా?"

టీవీలోనూ అదే చెప్పాడు ఆ పెద్దమనిషి. కోపిష్టి ఉద్యోగి పిల్లల మీద కలబడ్డాడట. తప్పంతా శవం మీదికి నెట్టేస్తే రిజల్ట్ మార్చక్కర్లేదు కదా మరి! నీ నోరు పడిపోను.

గోడకేసి కొట్టిన ఆ పగిలిన ఫోన్‌కే నాకూ కాల్ చేశాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుందట. ఆ ఉద్యోగం తీసుకెళ్లి మూసీలో పడెయ్.

కింది ల్యాబ్‌లో రాసిన పిల్లల అక్కలు, అన్నలు కొందరు నా ఫ్రెండ్స్ లిస్ట్‌లోనే ఉన్నారు. ఆ పిల్లలకి ఈ పోస్ట్ చూపించండి. పిల్లలూ, మీకు కనిపించిన ప్రశ్నే తప్పు. సీటు రాకపోవడం మీ తప్పు కాదు. మళ్లీ పరీక్ష పెట్టమని అడగండి. పోలీసుల ముందైనా, కోర్టులోనైనా నేను వచ్చి చెబుతాను.

స్టూల్ ఎత్తినవాడా, నువ్వూ చదువు. ఆ బిల్డింగ్ మొత్తంలో నీ తరఫున మాట్లాడటానికి దిగింది ఆ ఒక్క మనిషే. ఆ మనిషినే చంపావు.

అన్నా, ఇక ఎవరి మీదా అరవక్కర్లేదు, పడుకో. నీకు శాంతి దొరకాలి. నాకు మాత్రం ఇప్పుడే వద్దు.