ఆకు మీది ఉప్పు

గంగన్న తన చక్కెర డబ్బా మూతకు దారం చుట్టి, తనకే తెలిసిన ముడి వేస్తాడు. ఆ ముడి కాస్త వంకర తిరిగినా గదిలో ఆరుగురమూ దొంగలమే. ఆయనదీ నాదీ ఒకటే ఊరు. పన్నెండేళ్ళుగా ఒకే లేబర్ క్యాంప్‌లో ఉంటున్నాం, ఆయన ఎక్కే కంపెనీ బస్సు నడిపేది నేనే. అయినా దొంగల జాబితాలోంచి నా పేరు ఏనాడూ పోలేదు.

ఉప్పంటే ఆయనకు పగ. జగిత్యాల దగ్గర ఆయన రెండెకరాలూ చౌడు పట్టి పోయాయి. నేల మీద తెల్లగా ఉప్పు పేరి, వేసిన మొక్కజొన్న మొలకలోనే మాడిపోయింది. అప్పుడే ఈ గల్ఫ్ దేశం వచ్చాడు. పన్నెండేళ్ళు బిల్డింగుల మీద పనిచేసి మోకాలు అరిగాక, ఈ ఏడాది మొదట్లో అల్ ఖోర్ దగ్గర సముద్రపు ఒడ్డున కంపెనీ నర్సరీలో వేశారు. నీడన కూర్చుని మొక్కలు చూసుకునే పని. అది పోతే మళ్ళీ బిల్డింగులెక్కాలి, ఎక్కలేకపోతే ఇంటికి పోవాలి. అందుకే ఆ మొక్కలను ప్రాణంలా చూసుకునేవాడు.

అవి మడ మొక్కలు. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళు వాటి మొదళ్ళ దాకా వచ్చి పోతాయి. ఆయనకు తోడు జహాంగీర్ అని ఒక బంగ్లాదేశీ ఉండేవాడు. మే నెలలో ఒకరోజు ఆకుల మీద సన్నటి రవ్వలా ఉప్పు కనిపించింది.

"నీళ్ళు మొదళ్ళ దాకనే అస్తయ్. మరి ఆకుల మీదికి ఉప్పెట్ల అచ్చె?" అన్నాడు బస్సెక్కుతూనే. "ఎవడో జల్లుతుండు తిర్మలా."

ఎవడో ఏమిటి, ఉన్నది ఇద్దరే. జహాంగీర్ అన్నం సంచిలో ఉప్పు పొట్లం దొరికింది. పచ్చి మామిడికాయలో అద్దుకుంటాడని మా అందరికీ తెలుసు. పైగా వాడు ఒక ఆకు తెంపి నాకి, తనలో తాను నవ్వుకోవడం ఈయన కళ్ళారా చూశాడట. ఎందుకు నవ్వావని అడిగి ఉంటే ఒక్క మాటతో పోయేది. అనుమానపు మనిషి అందరినీ చూస్తాడు, ఒక్కరినీ అడగడు.

నేరుగా సూపర్‌వైజర్ మారుతి దగ్గరికి పోయి, జహాంగీరే మొక్కల మీద ఉప్పు జల్లుతున్నాడని చెప్పాడు. ఆ మహానుభావుడికి కొత్తిమీరకూ మెంతికూరకూ తేడా తెలియదు. "ఇద్దరి పనీ నువ్వొక్కడివే చేస్తావా?" అన్నాడు. చేస్తానన్నాడు గంగన్న. మూడో రోజుకల్లా జహాంగీర్ వెస్ట్ బేలో కడుతున్న బిల్డింగు నలభయ్యో అంతస్తు మీద ఉన్నాడు.

ఇక నర్సరీ తాళంచెవి గంగన్న మెడలోనే. అయినా ఆకుల మీద ఉప్పు మళ్ళీ వచ్చింది.

"తిర్మలా, నువ్వు గిట్ల ముందుగాల అచ్చి పోతున్నవా?"

నాకు మండింది. "క్యాంప్ కూరలనే ఉప్పు దొర్కుతలేదు, నీ మొక్కలకేడికెల్లి తేవాలె అన్నా?" అన్నాను.

మర్నాడు ఒక మొక్కను మంచినీళ్ళతో ఆకు ఆకూ కడిగి, పల్చటి తువ్వాలు కప్పి, కింద దారం కట్టి తన ముడి వేశాడు. ఆ మరుసటి మధ్యాహ్నం నన్ను సాక్షిగా నిలబెట్టి విప్పాడు. ముడి వేసింది వేసినట్టే ఉంది. లోపల ఆకుల మీద మాత్రం ఉప్పు మెరుస్తోంది. గంగన్న ఆ ఉప్పును వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంజనీర్ చైతన్య వచ్చాడు. కాకినాడ మనిషి. ఉప్పు పట్టిన ఆకు ఆయనకు చూపించాం.

"అది దాని స్వభావమండీ గంగన్న గారూ. ఉప్పును చాలావరకు వేళ్ళ దగ్గరే ఆపేస్తుంది. తప్పించుకుని లోపలికొచ్చినదాన్ని ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. లేకపోతే సముద్రంలో ఎలా బతుకుతుంది? బురదలో గాలాడదు కదా, అందుకే అదిగో, పుల్లల్లాంటి వేళ్ళు పైకి పెట్టి ఊపిరి తీసుకుంటుంది. మా వైపూ, బంగ్లాదేశ్ వైపూ ఇవి అడవులుగా ఉంటాయి, చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పెటోన్ని నేనే ఎల్లగొట్టిన సారూ."

జహాంగీర్‌ను వెనక్కి పిలిపించమని అడగడానికి మారుతి దగ్గరికి మళ్ళీ పోయాడు. ఇప్పుడు నర్సరీలో ఉన్నది ఒక్కరి పనే, నువ్వైనా ఉండాలి, వాడైనా ఉండాలి అన్నాడు మారుతి. నోరు మూసుకొమ్మని గంగన్నకు చెప్పింది నేనే. సిగ్గుగా ఉంది కానీ చెప్పాను. ఆ మోకాలితో ఏం ఎక్కుతావని కూడా అడిగాను.

"మా చేను చౌడువట్టి పోయిననాడు ఎవ్వన్నీ అనలే. గీ పోరన్నెందుకంటి?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నపు ట్రిప్పులో పాత హెల్మెట్ పట్టుకుని నా బస్సెక్కాడు. వెస్ట్ బేలో దిగేసరికి భోజనాల వేళ. జహాంగీర్ మాకు వీపు చేసి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. నీలం చొక్కా మీద చెమట ఎండి, భుజాల నుంచి నడుం దాకా ఉప్పు తెల్లగా చారలు కట్టింది. గంగన్న ఆ చొక్కాను వేలితో తాకి, వేలును చాలాసేపు చూసుకున్నాడు.

"తిర్మలా, గీ ఉప్పు మాత్రం నేను జల్లిందే."

వెనక్కి తిరిగిన జహాంగీర్ చేతిలో తాళంచెవి పెట్టి, హెల్మెట్ తగిలించుకుని మెట్ల వైపు నడిచాడు.